పైచెరువు గట్టున నేను చెప్పిన కథ

పోయిన నెలలో ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ముగ్గురూ టూరిజం కోర్సు పూర్తిచేసి అరకు బస్సుల్లో గైడ్లుగా చేరబోతున్నారు. "అంకుల్, ఏ పుస్తకాలు చదవమంటారు?" అని అడిగారు. రెండు మూడు పేర్లు చెప్పి, టీ ఇచ్చి పంపించాను. వాళ్లు గేటు దాటాక గానీ, చెప్పవలసింది చెప్పలేదని తట్టలేదు. నోటితో చెప్పడం నాకు బాగా వచ్చు. ఆ ధీమాయే నన్ను చెడగొట్టింది. అందుకని ఈసారి రాస్తున్నాను.

విశాఖపట్నంలో ఒక ప్రైవేటు టూర్ల కంపెనీలో ఇరవై ఏడేళ్లు గైడుగా పనిచేశాను. మాది శృంగవరపుకోట పక్కన పల్లె. ఎప్పుడు చేరాను, ఎప్పుడు సీనియర్ని అయ్యాను అన్నవి మీకు అక్కర్లేదు. పనికొచ్చేవి రెండే సంగతులు. ఒకటి ఒక డ్రైవరు చేసిన పని, రెండోది నేను చేసిన పని. కంపెనీ పేరు రాయడం లేదు. చెరువు పేరూ మనుషుల పేర్లూ మార్చాను. ఆ ఊళ్లో వాళ్లు ఇంకా ఉన్నారు.

ఈ ఉద్యోగం ఏమిటంటే

ఒక్కరోజు టూరు. పొద్దున్న ఆరింటికి బస్సు బయలుదేరుతుంది. ఘాటెక్కి అరకు, అక్కణ్ణుంచి కొండల మధ్య రెండు జలాశయాలు, ఒక పాత శివాలయం, తిరుగుదారిలో మైదానంలో బౌద్ధారామం శిథిలాలున్న కొండ. రాత్రికి మళ్లీ రైల్వేస్టేషను దగ్గర దింపాలి.

గుళ్ల చరిత్ర చెప్పడమే మీ పని అనుకుంటారు. కాదు. ముప్పై అయిదు మందిని కనిపెట్టి ఉండడం మీ పని. ఘాట్లో ఎవరికి వాంతులవుతాయి, దారిలో మరుగుదొడ్డి ఉండదని భయపడి ఏ పెద్దావిడ పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టలేదు, ఎవరు సీసా దాచుకుని ఎక్కారు. ఇవి చూసుకున్నాక చరిత్ర.

నాకు పని నేర్పిన మేనేజరు మూర్తిగారు మాత్రం ఇంకోలా చెప్పేవారు. "బస్సులో నిద్రపోయినవాడు, దిగాక ఏమీ చూపించలేదంటాడు. మైకు ఆపకు. తెలిసింది చెప్పు, తెలియకపోతే అల్లు." ఆయన చెడ్డమనిషి కాడు. మా నాన్న పోయినప్పుడు రెండు రోజులు మా పల్లెలోనే ఉండి అన్నీ చూసుకున్నారు. కానీ ఆయన నేర్పిన ఆ ఒక్క మాట తప్పు. అది తప్పని చాలా ఆలస్యంగా తెలిసింది.

అప్పలనాయుడు ఆపిన బస్సు

అప్పలనాయుడు మా డ్రైవరు. చదువుకోలేదు. ఒక జనవరిలో ఘాట్ మధ్యలో మంచు ముసురుకుంది. హెడ్‌లైట్లు వేసినా బానెట్టు ముందు తెల్లగోడే. అతను మలుపుకి ముందు బస్సు పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. వెనకాల జనం గోల. మూర్తిగారు ఫోన్లో నన్ను తిడుతున్నారు. ఫోను అప్పలనాయుడికి ఇచ్చాను.

"నాకు రోడ్డు కనబడ్డం నేదు బాబూ," అన్నాడు నెమ్మదిగా. "మీకు అక్కణ్ణించి కనబడతంటే మీరే వొచ్చి తోలండి."

రెండు గంటలు ఆగాం. ఆ రోజు రెండు చోట్లు చూపించలేకపోయాం. అందరూ ఫిర్యాదులు రాసిచ్చారు. అతనికి వారం రోజులు పని ఇవ్వలేదు. ఆ రోజు మంచు విడిపోయాక చూస్తే, మేమాగిన చోటికి పాతికడుగుల ముందు కొండచరియ విరిగి సగం రోడ్డు లేదు. ఆ సంగతి ఫిర్యాదు రాసినవాళ్లూ చూశారు. అయినా ఒక్కరూ రాయకుండా ఊరుకోలేదు.

కనబడనిది కనబడదని చెప్పడం మన వృత్తిలో అన్నిటికన్నా కష్టం. అప్పలనాయుడికి అది వచ్చు. పక్కసీట్లో ఏళ్లతరబడి కూర్చుని కూడా నేను నేర్చుకోలేదు.

పైచెరువు

రెండు జలాశయాల్లో ఎత్తున ఉన్నదాన్ని మేం పైచెరువు అనేవాళ్లం. ఎప్పుడో కరెంటు కోసం కట్టింది. దాని కింద మూడు గిరిజన గ్రామాలు మునిగాయి. ఆ ఊళ్లవాళ్లు పైన కొండవాలులో మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. వేసవిలో నీళ్లు తగ్గితే గట్టుకి కొంచెం దూరంలో నాలుగు రాతిస్తంభాలు పైకి తేలుతాయి. పూర్వం ఉప్పు బస్తాలతో ఒడిశా వైపు వెళ్లే ఎడ్ల బిడారులు ఆగిన మండపం అది. అంతకన్నా ఏమీ లేదు.

ఆ "అంతకన్నా ఏమీ లేదు" అన్నది మైకులో చెప్పడానికి బాగుండదు. ఒక ఏడాది వేసవిలో, ఏసీ పాడై జనం చిరాకుపడుతున్న రోజున, నాకు ఒక కథ తోచింది. ఆ స్తంభాల మధ్య ఉన్న రాయి కొండవాళ్ల అమ్మవారు జాకరమ్మ అనీ, ఊరు మునిగినా తల్లి కదలనందనీ, వేసవిలో ఆమె బయటపడినప్పుడు వెళ్లి మొక్కుకుంటే మందులకి లొంగని జబ్బులు కూడా నయమవుతాయనీ చెప్పాను. బస్సు నిశ్శబ్దమైపోయింది. వెనకసీటు నుంచి ఒకావిడ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదనుకున్నాను. తర్వాతి ట్రిప్పులోనూ చెప్పాను. ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ చెప్పాను.

పైచెరువు గట్టున గాసి ఉండేవాడు. నా వయసువాడే. పైన రెండెకరాల కాఫీ, కొంత చోడిచేను, అంటే రాగిచేను, చెరువులో చేపలకి ఒక దోనె. మా బస్సు ఆగితే వచ్చి నా పక్కన కూర్చుని టీ తాగేవాడు. ప్రయాణికులకి ఏమీ అమ్మేవాడు కాదు, ఏమీ అడిగేవాడు కాదు. ఒకరోజు నేను జనానికి కథ చెబుతుంటే విని, వాళ్లు అటు వెళ్లాక అన్నాడు:

"మా జాకరమ్మ అక్కడ నేదు బాబు. నీల్లు రాకముందే మా తాతోల్లు ఎత్తుకొచ్చీసినారు. పైన మా ఊర్లో ఉంది. కావాలంటే సూపిత్తాను రా."

"తెలుసులే గాసీ. ఏదో వాళ్లు సరదాపడతారని," అన్నాను.

అతను నవ్వలేదు. "అమ్మోరి మీద సరదా ఏటి బాబు?" అని లేచి వెళ్లిపోయాడు.

ఇంకొక సంగతి రాయాలి. నీళ్లు తీసిన చోట ఒండు పైన ఎండి పెచ్చులు కడుతుంది. చూడడానికి గట్టినేల. కింద ఊబి. ముఖ్యంగా ఆ స్తంభాలకీ గట్టుకీ మధ్య పాత గెడ్డ, అంటే వాగు, పారిన దారి ఉంది, అక్కడ అడుగు దొరకదు. అందుకని గాసి ప్రతి వేసవిలో ఆ అంచు పొడుగునా వెదురుకర్రలు పాతి, వాటికి ఎర్రగుడ్డ పీలికలు కట్టేవాడు. అవి దాటి దిగొద్దని గుర్తు. చుట్టుపక్కల ఊళ్లలో పశువులు కాసేవాళ్లకి కూడా తెలుసు.

ప్రయాణికులు అడిగేవారు, "ఆ ఎర్రగుడ్డలేమిటండీ?" అని.

మొక్కుబడులని చెప్పాను.

ఆ మే నెల

రిటైరవడానికి మూడేళ్ల ముందు మాట. కాకినాడ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చారు. పెద్దావిడ విజయలక్ష్మిగారు, యాభై దాటినట్టున్నారు. ఘాటెక్కుతుండగా నా సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. భర్తకి రెండు కిడ్నీలూ పాడయ్యాయనీ, వారానికి మూడుసార్లు డయాలసిస్ అనీ, ఈ ఒక్కరోజూ కొడుకు చూసుకుంటానంటే చెల్లెలు బలవంతంగా తీసుకొచ్చిందనీ చెప్పారు.

"ఇందాక మీరు చెప్పిన అమ్మవారు... నిజంగా తగ్గుతుందా అండీ?"

ఆమె ముఖం చూశాను. అక్కడైనా ఆగవలసింది. "చాలామందికి తగ్గిందండీ," అన్నాను.

పైచెరువు దగ్గర నలభై నిమిషాలు ఆగుతాం. నేనూ అప్పలనాయుడూ టీకొట్టు దగ్గర కూర్చున్నాం. విజయలక్ష్మిగారు సంచిలోని జాకెట్టు ముక్కల్లోంచి ఎర్రది ఒకటి చింపుకుని, తన మొక్కు కూడా ఆ కర్రలకి కడదామని బయలుదేరారట. చెల్లెలు తర్వాత చెప్పింది. కర్రల దాకా వెళ్లి గుడ్డ కట్టారు. అక్కడ ఆగితే ఏమీ కాకపోను. రాయి అంత దగ్గరగా కనిపిస్తుంటే ముట్టుకుని వద్దామని కర్రలు దాటారు.

కేక వినిపించి పరిగెత్తేసరికి నడుం లోతు దిగబడి ఉన్నారు. పైకి రావాలని కొట్టుకునే కొద్దీ దిగిపోతున్నారు. గట్టున ముప్పైమంది అరుస్తున్నారు. కొందరు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

గాసి అవతల వల బాగుచేసుకుంటున్నాడు. దోనెని బురద మీదికి లాగి, తాడు ఒక కొస దానికి కట్టి రెండో కొస నా చేతిలో పెట్టాడు. "నాను సెప్పినప్పుడే లాగు బాబు. ముందర లాగొద్దు," అన్నాడు. దోనె మీద బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ ఆమె దాకా వెళ్లాడు. ఆమె దోనె అంచు పట్టుకుంటే అది తిరగబడబోయింది. ఎంత చేసినా పైనుంచి ఆమెని లాగలేకపోయాడు. అప్పుడు తను ఒండులోకి దిగాడు. కింద భుజం పెట్టి ఆమెని ఎత్తి దోనెలో పడేశాడు.

"లాగండి! బేగి లాగండి!"

లాగాం. ఆమె గట్టుకి వచ్చింది. తిరిగి చూస్తే గాసి ఛాతీ దాకా ఉన్నాడు. ఆమె బరువు ఎత్తడంలో అంత దిగిపోయాడు. అది ఆ గెడ్డ దారి. దోనెని మళ్లీ అక్కడి దాకా తోసుకువెళ్లడం వచ్చినవాడు ఆ గట్టున అతనొక్కడే. అప్పలనాయుడు ప్రయత్నించి, నాలుగు గజాలు వెళ్లి తిరగబడి, తాడు పట్టుకుని బయటపడ్డాడు. తాడు విసిరాం. రెండుసార్లు అందలేదు. మూడోసారి చేతికి అందింది గానీ పట్టుకోవడానికి అతనిలో బలం లేకపోయింది. పైఊరికి ఎవరో పరిగెత్తారు. మనుషులు దిగివచ్చేసరికి ఒండు పైన ఏమీ లేదు.

నేను దిగలేదు. దిగితే నువ్వూ పోయేవాడివని తర్వాత అందరూ అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ ఆలోచన చేసి ఆగలేదు నేను. భయపడి ఆగాను.

మధ్యాహ్నం

ఊరివాళ్లు గడకర్రలతో వెతుకుతున్నారు. మేనేజరు ఫోను చేశాడు. అప్పటికి మూర్తిగారు రిటైరయ్యారు, ఇతను కొత్తవాడు. "మనవాళ్లందరూ క్షేమమేనా? అయితే బస్సు కదిలించు. సాయంత్రం రైళ్లున్నాయి వాళ్లకి." శవం ఇంకా దొరకలేదన్నాను. "అది వాళ్లు చూసుకుంటారు," అన్నాడు.

అప్పలనాయుడు తాళాలు నా చేతిలో పెట్టి, "నాను రాను," అన్నాడు. ఒళ్లంతా ఒండుతో అక్కడే ఉండిపోయాడు. అరకు నుంచి ఇంకో డ్రైవరు వచ్చాక మేం కదిలాం. అక్కచెల్లెళ్లని అరకు ఆసుపత్రిలో దింపాం.

ఘాటు దిగుతుంటే ఒకాయన అడిగాడు, మర్యాదగానే. "బౌద్ధారామం ఉంటుందా అండీ, లేక క్యాన్సిలా?"

ఉంటుందన్నాను. కొండ ఎక్కించాను. ఇటుకల స్తూపాల మధ్య నిలబడి, విహారాల గదులు, భిక్షువులు వానాకాలం గడిపిన తీరు, అంతా చెప్పాను. ఎక్కడా మాట తడబడలేదు. ఇన్నేళ్లలో నేను చేసిన పనులన్నిటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే.

సంతకం

మర్నాడు ఆఫీసులో పోలీసులకి ఇచ్చేందుకు టైపుచేసిన కాగితం సిద్ధంగా ఉంది. నీటి దగ్గరికి వెళ్లవద్దని ప్రయాణికులను ముందుగానే హెచ్చరించితిని; స్థానికుడొకడు చేపలు పట్టుచు ప్రమాదవశాత్తు ఊబిలో పడెను. అందులో విజయలక్ష్మిగారి మాటే లేదు. నేనెక్కడ సంతకం చేయాలో మేనేజరు వేలితో చూపించాడు. "ఆవిడ పేరొస్తే కంపెనీ పేరొస్తుంది. నీ పేరూ వస్తుంది," అన్నాడు. సంతకం చేశాను.

అప్పలనాయుడు చేయలేదు. ఆ నెలే ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోయాడు.

సొన్నాయి

వానలు తగ్గాక ఒంటరిగా పైఊరు వెళ్లాను. గాసి భార్య సొన్నాయి చోడిచేనులో కలుపు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. గట్టు మీద కూర్చోమంది. కూతురు మంగ, ఆ ఊరి అంగన్‌వాడీలో పనిచేస్తుంది, మంచినీళ్లు తెచ్చి ఇచ్చి నిలబడింది.

సొన్నాయి కలుపు తీస్తూనే అడిగింది. "ఆ అమ్మ బాగుందా?"

"బాగుందమ్మా."

"అటేపు ఎందుకెల్లింది?"

"మొక్కుకోడానికి."

"ఎవులికి?"

గ్లాసు కింద పెట్టాను. ఆమె తలెత్తింది. "మా అమ్మోరు అక్కడ నేదు గదా. నీకు మా ఆయన సెప్పినాడు గదా బాబు. ఇంటికొచ్చి మాకూ సెప్పినాడు, ఆ గైడు బాబుకి సెప్పినాను అని."

కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. నేను లేచి నిలబడ్డాను. ఏం చెప్పి వచ్చేశానో గుర్తులేదు.

మంగ రోడ్డు దాకా వచ్చింది. "చేపలు పడుతూ పడిపోయాడని రాశారు సార్. ఆ రోజు మా నాన్న వల నీళ్లలో వెయ్యనేలేదు. సర్కారు సహాయం ఏదీ రాకపోతే పోనీండి. మా నాన్నకి చెరువు తెలీదన్నట్టు రాశారు, అది మా అమ్మకి సహించడం లేదు," అంది.

రెండో కాగితం

ఆ రాత దిద్దించాలని కదలడానికి కూడా నాకు రెండేళ్లు పట్టింది. రిటైర్మెంటు దగ్గరపడి, పోయేదేమీ లేదని తేలాక విజయలక్ష్మిగారికి ఫోను చేశాను. తన వల్ల ఒక మనిషి పోయాడని ఆమెకి తెలుసు. అతను చేపలకి వెళ్లి పోయినట్టు కాగితాల్లో ఉందని తెలియదు. అది చెప్పాను. "ఎప్పుడు రమ్మంటారు?" అన్నారు. ఆమె భర్త పోయి అప్పటికి ఏడాది.

ఇద్దరం కలిసి పాడేరు వెళ్లాం. నాలుగైదు ఆఫీసులు తిరిగాం. మూసిన కేసు తెరవడం కుదరదని కొందరన్నారు. చివరికి ఒక అధికారి మా వాంగ్మూలాలు తీసుకుని, రికార్డు సవరించి ఒక కాపీ ఇప్పించాడు. కంపెనీ నన్ను చివరి కొన్ని నెలలూ టికెట్ల కౌంటర్లో కూర్చోబెట్టింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

కాపీ పట్టుకుని ఇద్దరం పైఊరు వెళ్లాం. విజయలక్ష్మిగారు సొన్నాయి ముందు నేలమీద కూర్చుండిపోయారు. సొన్నాయి ఆమె చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, దెబ్బలేమైనా మిగిలాయా అన్నట్టు. మంగ కాగితం చదివింది. ఊబిలో చిక్కుకున్న యాత్రికురాలిని కాపాడి, ఆ ప్రయత్నంలో ప్రాణం కోల్పోయాడని ఉంది. ముందస్తు హెచ్చరిక ఏదీ చేయలేదని నేను ఒప్పుకున్నట్టు ఉంది.

సొన్నాయి అంతా విని, "మల్లీ సదువు," అంది. మంగ మళ్లీ చదివింది.

"ఈ అమ్మ అటేపు ఎందుకెల్లిందో రాసినారా?"

మంగ వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. విజయలక్ష్మిగారు తన వాంగ్మూలంలో రాళ్లు చూద్దామని వెళ్లానని మాత్రమే చెప్పారు. నన్ను కాపాడడానికి అలా చెప్పారని నాకు అక్కడ తెలిసింది. నా వాంగ్మూలంలో కథ సంగతి నేను ఎత్తలేదు. అన్ని ఆఫీసులు తిరిగినవాణ్ణి, ఆ ఒక్కటీ దాటేశాను.

"లేదమ్మా. అది రాయలేదు," అంది మంగ.

సొన్నాయి నా వైపు చూసింది. "అయితే సగమే గదా బాబు," అంది. "మిగిలింది నువ్వు రాయి."

రాశాను.